పింతాద గంట

తన మందలో ఏ గంట ఏ గొర్రెదో బకీసియో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అవి అంగట్లో వేలాడదీసినవాటిలోంచి ఏరి తెచ్చిన గంటలు కావు. తోనారా ఊళ్ళో గంటలు చేసే కమ్మరి ముందు కూర్చుని, ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి చూసి, ఇది కాదు, ఇంకాస్త కొట్టు అంటూ ఆ మనిషి ప్రాణం తోడేసి మరీ తెచ్చుకున్నవి. వాటిలో అన్నిటికన్నా బొంగురు గొంతుది పింతాద మెడలో ఉండేది. పింతాద అంటే ముఖం నిండా నల్ల చుక్కలున్న ముసలి గొర్రె. అది ముందు నడిస్తేనే మంద కదిలేది. వాగు దాటాలన్నా, సాయంత్రం దొడ్డిలోకి రావాలన్నా మిగతావన్నీ దాని మొహమే చూసేవి. గొర్రెలకి సొంత బుర్ర లేదంటారు గానీ, మనుషులకి మాత్రం ఏపాటి ఉందిలెండి.

ఆ నవంబరులో పింతాద గంట ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. వెళ్ళి చూస్తే రాతిగోడకి ఒళ్ళు రుద్దుకుంటోంది. పక్కల ఉన్ని ఊడిపోయి చర్మం ఎర్రగా కందిపోయినా మానలేదు. చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతోంది. నాలుగడుగులు వేసేసరికి వెనక కాళ్ళు తడబడుతున్నాయి.

పశువుల డాక్టరు ఇలేనియా వచ్చింది. చిన్నపిల్లే గానీ చెయ్యి తిరిగిన మనిషి. గొర్రె కళ్ళలోకి చూసి, వీపు గోకి, దాని పెదవులు అదరడం గమనించి లేచి నిలబడింది.

"మెదడు వాచినట్టుంది బాబాయ్. పాడైన మేత తిన్నా ఇలా అవుతుంది. ఇంకోటి కూడా ఉంది. దాని పేరు ఇప్పుడే ఎత్తను."

"ఎత్తకమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు బకీసియో.

ఆ పేరు అతనికి తెలుసు. స్క్రేపీ. గొర్రెల మెదడు తినేసే రోగం, మందు లేదు, ఈనినప్పుడు పడే మావిని నాకితే చాలు మిగతావాటికీ అంటుకుంటుంది. పక్క లోయలో ఒకాయన మందంతా ఆ పేరు మీదే తుడిచిపెట్టుకుపోయింది.

"వాపు తగ్గే మందు ఒక్క సూది వేస్తున్నా. నిండు చూడిది కదా, ఇదే మందు మళ్ళీ పడితే నెలలు నిండకుండానే ఈనేస్తుంది. అందుకని ఒక్కటే. మందలో మాత్రం కలపకు. విన్నావా?"

"విన్నానులే. చెవులు బాగానే ఉన్నాయి."

మూడో రోజుకి గంట సద్దుమణిగింది. పింతాద గడ్డి నమిలింది, నీళ్ళు తాగింది, బకీసియో జేబులోని ఎండు రొట్టె కోసం మూతి పెట్టి వెతికింది. అతను పిచ్చి సంతోషంతో డాక్టరుకి ఫోను చేశాడు.

"మంట చల్లారింది బాబాయ్. కట్టెలు ఉన్నాయో కాలిపోయాయో ఇంకా తెలీదు," అంది ఇలేనియా. "విడిగానే ఉంచు."

విడిగా ఉంచడమంటే మాటలా? పింతాద లేకుండా మంద గుమ్మం దాటడం లేదు. రోజూ సాయంత్రం బకీసియో భార్య అంతియోకా వానలో తడుస్తూ ఒక్కోదాన్నీ చెవులు పట్టి లోపలికి ఈడ్చుకు రావాల్సి వస్తోంది.

"నా నడుం విరిగాక నన్ను కూడా విడిగా కట్టేస్తావా ఏంటయ్యా?" అందామె.

ఆ వారంలోనే పింతాద మళ్ళీ గోడ పట్టింది. బకీసియో డాక్టరుని పిలవలేదు. పిలిస్తే ఈసారి ఆ పేరు ఎత్తేస్తుందని అతని భయం. కిందటేడు ఓ గొర్రె కాళ్ళ వాపుకి వాడిన సీసా ఒకటి అటక మీద ఉంది. అదే మందు. సూదిలోకి ఎక్కించి తనే పొడిచాడు. మర్నాటికి గొర్రె శుభ్రంగా లేచి నిలబడింది. ఇంకేం, తలుపు తీసి మందలో వదిలేశాడు. ఆ సాయంత్రం బొంగురు గంట ముందు నడిచింది, మిగతావన్నీ బుద్ధిగా వెనక వచ్చాయి. అంతియోకా చాలా రోజుల తరవాత నవ్వింది.

తెల్లారేసరికి పింతాద ఈనేసింది, మంద నడిమధ్య. మావి బురదలో పడి ఉంది. చుట్టూ చేరిన చూడి గొర్రెలు దాన్ని మూతులతో కెలుకుతున్నాయి, నాకుతున్నాయి. గొర్రెపిల్ల అంతియోకా ఒళ్ళోనే కళ్ళు తేలేసింది. పింతాద మళ్ళీ లేవలేదు.

ఇలేనియా ప్రాణం పోయే సూది వేసి దాని బాధ తీర్చి, తల పరీక్షకి పంపింది. ఎత్తనన్న పేరే కాగితం మీద తిరిగొచ్చింది. తరవాత సర్కారు మనుషులు వచ్చి ప్రతి గొర్రె రక్తమూ తీసుకెళ్ళారు. మరోసారి వచ్చి వీపుల మీద రంగు పూశారు. నీలం పూసినవి ఉంటాయి, ఎరుపువి కబేళాకి పోతాయి. నీలం మచ్చ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

బకీసియో డాక్టరుని గోడ పక్కకి పిలిచి సీసా సంగతి చెప్పేశాడు. సూది సంగతి, తలుపు తీసిన సంగతి, మావి సంగతి.

"ఇదంతా నా మూలంగానే కదా డాక్టరమ్మా? నేను చంపినట్టే కదా?"

ఇలేనియా గోడకి అంటిన ఉన్ని పీచు ఒకటి లాగి పారేసింది. "చెయ్యకూడని పనే చేశావు బాబాయ్. కానీ వీటి రక్తం పుట్టుకతో వచ్చింది. మందలో ఒక్కదానికి ఈ రోగం ఉందని తేలితే చాలు, తట్టుకునే రక్తమైతే నీలం, కాకపోతే ఎరుపు. నువ్వు ఆ సూది వెయ్యకపోయినా ఇవే పోయేవి."

"మందలో కలపకపోయినా?"

"కలపకపోయినా."

"మొదటి రోజే నీకు అప్పగించేసి ఉంటే?"

"అప్పుడూ ఇవే."

బకీసియోకి ఒళ్ళు మండిపోయింది. తప్పు తనదైతే, అది చెయ్యకుండా ఉండే దారి ఒకటి ఉండేదన్నమాట. ఆ దారిని తలుచుకుని చచ్చేదాకా ఏడ్చుకునేవాడు. ఈ పిల్ల ఓదార్పు అనుకుని దాన్ని కూడా లాగేసుకుంది.

లారీ వచ్చింది. వెనక తలుపు దించి ఎక్కడానికి చెక్క పలక వాల్చారు. ఎరుపు గొర్రెలు ఒక్కటీ ఎక్కలేదు. డ్రైవరు అరిచాడు, కర్రతో నేల మీద కొట్టాడు. చివరికి ఒకదాన్ని కాలు పట్టి ఈడ్చబోతే అది నోరు తెరిచి అరిచింది.

"దాని కాలు వదులు," అన్నాడు బకీసియో.

లోపలికెళ్ళి మేకుకి తగిలించిన పింతాద గంట తీసుకొచ్చాడు.

"వద్దయ్యా. నువ్వు చెయ్యొద్దు," అంది అంతియోకా.

అతను వినలేదు. గంట మోగిస్తూ పలక మీదుగా లారీలోకి నడిచాడు. గొర్రెలన్నీ తలలెత్తాయి. తోసుకోకుండా, బెదరకుండా, ఎప్పుడూ దొడ్డిలోకి వచ్చినట్టే వెనకాల ఎక్కేశాయి. అతను వాటి మధ్యనుంచి ఒళ్ళు ఒదిగించుకుంటూ దిగాల్సి వచ్చింది. ఒకటి రొట్టె కోసం అతని జేబులో మూతి పెట్టింది.

"ఇంత బుద్ధిగా ఎక్కిన గొర్రెల్ని నేనెక్కడా చూళ్ళేదు పెద్దాయనా," అన్నాడు డ్రైవరు తలుపు బిగిస్తూ.

లారీ మలుపు తిరిగేదాకా బకీసియో నిలబడ్డ చోటే నిలబడిపోయాడు. గంట చేతిలోనే ఉంది. కదిలితే అది మోగుతుంది, మోగితే లోపలున్నవి తన దగ్గరికి రావాలని తలుపుకేసి తోసుకుంటాయి.