చచ్చినవాళ్ళు కదలకూడదు

అరబెల్లా అమ్మగారికి పదకొండేళ్ళు బట్టలు తొడిగాను. ఆవిడ ఒంటి మీద ఏ దెబ్బ ఏ రోజుదో నాకు తెలిసినట్టు డాక్టరుకి కూడా తెలియదు. కొట్టేది మొగుడు సైలస్. హల్ అనే రేవు ఊళ్ళో మా నాటకశాలకి హీరో వాడే, యజమానీ వాడే. కానీ తెర పడ్డాక జనం ఆవిడ పేరే అరిచి ఆవిణ్ణే ముందుకి పిలిచేవారు. దాంతో వాడికి ఒళ్ళు మండిపోయేది. ఆ కసి ఇంటికెళ్ళి తీర్చుకునేవాడు. మర్నాడు ఆ కమిలిన మచ్చల మీద నేను తెల్లపొడి మెత్తి ఆవిణ్ణి మళ్ళీ రాణిని చేసి పంపేదాన్ని. నా చేతులు విరిగిపోనూ.

వదిలేసి పొమ్మంటే వినేది కాదు. ఏడో ఏట వేదికెక్కిన మనిషి, అది తప్ప ఇంకేం తెలియదు. వాడు పగబట్టి నాలుగు ఉత్తరాలు రాస్తే ఏ కంపెనీవాళ్ళూ వేషం ఇవ్వరని ఆవిడ భయం.

ఆ చలికాలం కొత్త నాటకం కట్టారు. మూడో అంకంలో అనుమానపు మొగుడు పెళ్ళాం పీక నులిమి చంపి, శవం చుట్టూ తిరుగుతూ పది నిమిషాలు ఏడుస్తాడు. మా వాళ్ళకి ఒకటే పట్టింపు: వేదిక మీద చచ్చినవాళ్ళు తెర పడేదాకా కదలకూడదు. ఒకసారి కొవ్వొత్తి మైనం కారి చెంప మీద పడినా అమ్మగారు రెప్ప ఆడించలేదు. సైలస్‌కి ఇదే సందైంది. ఏడుస్తూనే బూటుకాలితో ఆవిడ డొక్కలో తన్నేవాడు. వాడి పొడుగు కోటు అడ్డం కాబట్టి జనానికి కనబడేది కాదు.

రెండో వారానికి పక్కటెముక విరిగింది. దగ్గితే నెత్తురు పడేది. గట్టిగా అరవమని బతిమాలాను.

"చచ్చినదాన్ని ఎలా అరుస్తానే? జనం నవ్విపోరూ?" అంది.

శనివారం వాడు పీక పట్టి వదల్లేదు. ఆవిడ కాళ్ళు కొట్టుకుంటుంటే, ఎంత బాగా చస్తోందోనని పైవరసల వాళ్ళు మెచ్చుకున్నారు. తర్వాత విరిగిన ఎముక మీదే తన్నాడు. అప్పుడు అమ్మగారు లేచింది. వేదిక అంచున వెలిగే దీపాల దాకా పాక్కుంటూ వచ్చి, "అయ్యలారా, ఇది ఆట కాదు. నిజంగానే చంపుతున్నాడు" అంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముగింపు మార్చారనుకున్నారు ముండావాళ్ళు! సైలస్ గుంటనక్క. దయ్యమై లేచావా అంటూ మళ్ళీ పీక అందుకున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఆవిడ కళ్ళు తేలేసింది.

నేను నిలబడ్డ పక్కతెర వెనక, జుట్టు నొక్కులు తీర్చే ఇనుప పటకారు నిప్పుల మీద ఉంది. అది తీసుకుని, మాసిన ఏప్రనుతోనే వేదిక మీదికి నడిచి వాడి మెడకి ఆనించాను. చర్మం చుర్రుమంది. వాడి అరుపుకి చప్పట్లు ఆగిపోయాయి. ఏ నాటకంలోనూ లేని లావుపాటి ముసలిదాన్ని చూశాకగానీ వాళ్ళకి అర్థం కాలేదు. రేవు కూలీలు దీపాలు దాటి దూకారు. పోలీసులు వచ్చేసరికి సైలస్ రెండు చేతులూ విరిచేశారు.

నాకు ఆరు నెలలు జైలు పడింది. బయటికొచ్చిన రోజు అమ్మగారు గేటు దగ్గర నిలబడి ఉంది. నలిగిపోయిన గొంతు ఇక రాదని డాక్టర్లు తేల్చేశారట. ఇంక ఏ వేదికా లేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అడిగింది: "ఆ రోజు నేను బాగా చేశానా మార్తా?"

నాకు తిక్క రేగింది. "బాగానే చచ్చారు లెండి" అని, నడిరోడ్డు మీద ఆవిణ్ణి పట్టుకుని భోరున ఏడ్చాను.