వెర్నా ప్రుయిట్ మూడు నిమిషాలు

ఒహాయోలోని మా మూడు కౌంటీల బస్సు సంస్థకు ముప్పై ఏళ్ల ప్రణాళిక రాసేది నేనే. అయిదేళ్లకోసారి తిరగరాస్తాను. చివరి పేజీలో 'నిధులు దొరికితే' అని ఒక జాబితా ఉంటుంది. కొండమీది హాలెట్ గ్యాప్‌కు వేయాల్సిన బస్సు ఇరవై ఏళ్లుగా అందులోనే మూలుగుతోంది.

జనాభిప్రాయ సభ ఎప్పుడు పెట్టినా ఆ ఊరి నుంచి వెర్నా ప్రుయిట్ అనే పెద్దావిడ తప్పకుండా వచ్చేది. మాట్లాడేవాళ్లకు తలా మూడు నిమిషాలు. కిందటిసారి మైకు పట్టుకుని, "2050కి బస్సు వేస్తావా నాయనా? అప్పటికి నాకు నూట ఆరు. ఈలోపు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నీ వీపెక్కి వెళ్లమంటావా?" అంది. హాలంతా నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

ఈ ఏప్రిల్లో సభ హాలెట్ గ్యాప్‌లోనే, ఫైర్ స్టేషన్ హాల్లో, పొద్దున పదింటికి. గుమాస్తా డోరీన్ మొదటి పేరు చదివింది.

"వెర్నా ప్రుయిట్."

ఎవరూ లేవలేదు. డోరీన్ అలవాటుగా మూడు నిమిషాలు లెక్కపెట్టే గడియారం నొక్కేసింది. పచ్చదీపం వెలిగింది.

"ఆవిడ పోయిందమ్మా," అన్నాడు వెనక వరసలో ఒక ముసలాయన. "ఫిబ్రవరిలోనే ఫోన్లో పేరు రాయించుకుంది. మార్చిలో మంచు పడ్డ వారం తీసుకెళ్లేవాళ్లు లేక రెండుసార్లు డయాలసిస్ తప్పింది. మూడోసారికి మనిషే లేదు."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "తర్వాతి పేరు పిలుద్దామా?"

"ఆవిడ టైము అవలేదుగా. ఆగండి," అన్నాడు ఆ ముసలాయనే.

ఎవరూ కాదనలేకపోయారు. మైకు దగ్గర ఎవరూ లేరు. అయినా అందులోంచి సన్నగా ఊపిరి తీస్తున్న చప్పుడు వచ్చింది. హీటరు చప్పుడే అయ్యుంటుంది. నాకు మాత్రం భయం వేసింది. ఆవిడ వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది. పచ్చదీపం పసుపు రంగుకు, తర్వాత ఎరుపుకు మారింది.

రెండో పేరు ఓరిన్ టాకెట్. ఆ ముసలాయనే కుర్చీలు పట్టుకుంటూ మైకు దగ్గరికి వచ్చాడు.

"ఆవిడ పక్కిల్లే నాది. ఇన్నేళ్లూ నా కార్లోనే దింపేవాణ్ణి. చూపు ఆనడం లేదని జనవరిలో లైసెన్సు లాగేసుకున్నారు. అప్పట్నుంచి ఆవిడ వాళ్లనీ వీళ్లనీ బతిమాలుకుని వెళ్లేది. ఇప్పుడు నా కిడ్నీలూ పోయాయి. సోమవారం మొదటి డయాలసిస్. నీ ప్రణాళిక మా పదేళ్ల మనవరాలి చేత మొత్తం చదివించుకున్నాను బాబూ. సోమవారం ఎలా వెళ్లాలో ఏ పేజీలో రాశావు?"

నేను కాగితాలు తిరగేశాను. 2030 ఉంది. 2040 ఉంది. 2050 ఉంది.

ఆయన నిలబడే ఉన్నాడు. ఆయన పక్కన ఆవిడ కూడా నిలబడి ఉందని ఒట్టేసి చెప్పగలను.