అల్లుడి పేరున్న చార్జరు

ప్రూఫు తాతయ్య నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దాడు. రిటైరయ్యాక దిద్దడానికేమీ దొరక్క ఇంట్లో చార్జర్ల మీద పడ్డాడు. మరేం చేస్తాడు పాపం! చెప్పుల పెట్టె నిండా నల్లటి వైర్లే. ఒకదాని మూతి వెంట్రుకవాసి లావు, ఇంకొకదానిది వెంట్రుకవాసి సన్నం. ఫోనుది టార్చికి పట్టదు, టార్చిది గడ్డం మిషనుకి పట్టదు. ఇన్ని రకాల మూతులు కనిపెట్టిన మహానుభావులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఈ పెట్టె వాళ్ళ ఒళ్ళో బోర్లించాలని ఆయన కోరిక.

చివరికి ఒక్కోదానికీ ఓ చుట్టరికం కలిపాడు. టైలరు పని చేసే భార్య చేత గుడ్డపీలికల మీద పేర్లు కుట్టించి వైర్లకి కట్టాడు. చూడ్డానికి ఒకేలా ఉండి, ఒకదాని చోట ఇంకొకటి ఇమడని ఫోను వైర్లు రెండూ తోడికోడళ్ళు. ఇట్టే వేడెక్కే టార్చి వైరు ఆడపడుచు. ఆయన చెవి మిషన్ల డబ్బాకి పెట్టేది అల్లుడు. ఎందుకయ్యా అంటే, తన చోటు తనకి దక్కితే సరే, లేకపోతే ఎక్కడా పొసగదు.

అసలు అల్లుడు బస్సు కండక్టరు. గొంతు విప్పాడంటే వెనక సీట్లో నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్టు తీసుకుంటాడు. “నాకు చెవుడే గానీ నేను బస్సుని కాదు” అని మామగారు ఓసారి అన్నప్పట్నుంచీ అతను ఈ ఇంట్లో అవును, కాదు తప్ప మూడో మాట ఆడటం మానేశాడు.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి కండక్టరు కూతురు రేడియోలో మొదటిసారి వార్తలు చదవబోతోంది. దానికి ‘ణ’ పలకడం నేర్పింది తాతయ్యే. ఆర్నెల్లు ఆయన ప్రాణం తీసింది గానీ, దాని నోట ‘ప్రాణం’ మాత్రం ప్రానంగానే వచ్చేది. వార్తలవగానే ఫోన్ చేసి ఎలా ఉందో అడుగుతానంది. ఇంత ఆత్రం దేనికి, రికార్డు చేసి రేపు వినిపిస్తాలెండి అని భార్య అంటే, అచ్చయిపోయిన పేపరుకి ప్రూఫు దిద్దడం దండగన్నాడు.

నాలుగింటికి చెవి మిషన్లు రెండూ కీచుమని చల్లబడ్డాయి. పెట్టె తిరగేశాడు. తోడికోడళ్ళున్నారు, ఆడపడుచుంది, అల్లుడు లేడు.

కుట్టుమిషను దగ్గరికి పరుగెత్తి అల్లుడేడని అడిగాడు. మధ్యాహ్నం భోజనం చేసి భార్యాబిడ్డలతో రేడియో స్టేషనుకి వెళ్ళిన మనిషిని ఇప్పుడడుగుతాడేమిటని ఆవిడ చేత్తో గుమ్మం వైపు చూపించింది.

“నాతో చెప్పకుండా ఎలా పంపావు? ఇవాళ అల్లుడు లేకపోతే నా గతేం కాను?”

ఆవిడకి గుడ్డపీలికలు గుర్తే రాలేదు. ఇన్నాళ్ళకి ఈయన మనసు కరిగిందనుకుని కళ్ళు తుడుచుకుంది. వెంటనే కండక్టరుకి ఫోన్ చేసి, మీ మామయ్యగారు మీ కోసం కలవరిస్తున్నారు, ఉన్నపళంగా రండి బాబూ అంది. స్టూడియో అద్దంలోంచి కూతుర్ని చూడాలని స్టేషను గేటు దగ్గర నిలబడ్డవాడు, ఆ మాటకి వెనక్కి తిరిగి బస్సెక్కాడు.

ఈలోగా తాతయ్య ఒక్కో వైరూ డబ్బాకి పెట్టి చూశాడు. ఊదాడు, తుడిచాడు, బతిమాలాడు, తిట్టాడు. ఒకటి దూరదు, ఇంకొకటి దూరినా వదులు.

ఆరుకి ఐదు నిమిషాలుందనగా కండక్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు. తాతయ్యా ఆయన భార్యా ఒకరి మీద ఒకరు అరుచుకున్నాక గానీ ఏ అల్లుడి గొడవో తేలలేదు. కండక్టరు సంచిలోంచి ఓ వైరు తీసి, సంగతి అత్తగారి చెవిన వేశాడు. మధ్యాహ్నం పెట్టె సర్దిన అతని భార్య, పీలిక మీద పేరు చూసి ఇది తన మొగుడిదే అనుకుని సంచిలో పడేసిందట. దారిలో తన టికెట్ మిషనుకి పెట్టి చూశాడట, పట్టలేదట.

డబ్బాకి తగిలిస్తే ఎర్రదీపం వెలిగింది. అది పచ్చబడాలంటే గంట కావాలి. రేడియోలో వార్తలు మొదలయ్యాయి. తాతయ్య చెవి దానికి ఆనించాడు. ఏదో గుయ్యిమంటోంది, అంతే. ఆయనకి ఏడుపొచ్చింది.

కండక్టరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కూతురు చదివిన ఒక్కో వాక్యాన్నీ మామగారి చెవిలో స్టాపులు పిలిచినట్టు పిలిచాడు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

“వంతెన నిర్మానం పూర్తయింది!”

తాతయ్య చటుక్కున వేలెత్తాడు. మొహం పాలిపోయింది.

“‘ణ’ పోయింది. అమ్మాయి మింగేసిందా?”

“లేదు మామయ్యగారూ. అది ముత్యంలా పలికింది. మింగింది నేను.”

తాతయ్య చాలాసేపు అతని భుజం పట్టుకుని వదల్లేదు. వార్తలన్నీ అలాగే విన్నాడు.

అయ్యాక కండక్టరు గుడ్డపీలిక ఆయన కళ్ళ ముందు పెట్టి, దీనికి నా పేరెందుకని సైగ చేశాడు. ఎక్కడా పొసగదు కాబట్టి అని ఎప్పుడూ చెప్పే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తాతయ్య దాన్ని మింగేశాడు.

“అది రాకపోతే నాకేమీ వినబడదు కదా బాబూ.”

అంతలో ఫోన్ మోగింది. మనవరాలే. తాతయ్య దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు.

“బాగా చదివిందని చెప్పండి. ‘ణ’ గురించి మాత్రం మీరు మాట్లాడకండి, కంగారుపడుతుంది.”