మూడో మాట

క్లినిక్‌కు వచ్చేవాళ్ళంతా ఆమెను టోకెనక్క అంటారు. పదిహేడేళ్ళుగా అక్కడి వరండాలో నిలబడి "టోకెన్ ఇరవై మూడు! ఇరవై మూడెవరండీ?" అని పిలిచి పిలిచి, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా వీధి మలుపు దాకా వినపడేంత గొంతు తయారు చేసుకుంది. అదే తల్లి కడుపున పుట్టిన తమ్ముడికి మాత్రం మాట పెగలదు. నోటి దాకా వస్తుంది, మొదటి అక్షరం దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. ఇద్దరికీ రావలసిన గొంతు అక్క ఒక్కతే లాగేసుకుందని చుట్టాలు వేళాకోళం చేసేవారు. అక్క వాళ్ళతో పాటు నవ్వేసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ధనాధనా పడేసేది.

తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఆమెకు పదిహేడు. అప్పటినుంచి వాడి మాటల్లో సగం ఆమే పూర్తి చేసింది. మంగలి షాపులో వాడు "కొం... కొం..." అంటుండగానే "కొంచెం పొట్టిగా కత్తిరించమంటున్నాడండీ" అనేది. బడిలో టీచరుకైనా, బస్సులో కండక్టరుకైనా, మందుల షాపులోనైనా వాడి తరఫున నోరు ఆమెదే. అది ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ముప్పై రెండేళ్ళ మగవాడు మంగలి కుర్చీలో కూర్చుంటే పక్కన అక్క నిలబడి మాట్లాడటం ఎంత ఘోరమో ఆమెకు తట్టలేదు. ప్రేమ ఎక్కువైనవాళ్ళకు కొన్ని సంగతులు అన్నీ అయిపోయాకగాని తట్టవు.

తమ్ముడికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి బొమ్మ కార్డులాట. పేకముక్కలు కావవి. ప్యాకెట్లలో కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని, ఎవరి కట్ట వాళ్ళు పేర్చుకుని ఆడే కార్డులు. వాళ్ళ వీధిలోనే సైకిల్ షాపు పక్కన ఆ కార్డుల దుకాణం ఉంది. దాని యజమానిని ఆడేవాళ్ళంతా బాబాయ్ అంటారు. ఆ ఆటలో ప్రతి వంతుకూ నాలుగు దశలు, ఒక్కో దశకూ ఒక మాట. కట్టలోంచి కార్డు తీసేముందు "తీస్తున్నా", బల్ల మీద పరిచేముందు "దించుతున్నా", ఎదుటివాళ్ళ మీదికి పోయేముందు "కొడుతున్నా", చివర్న "అయిపోయింది". మర్యాద కోసం పెట్టిన మాటలు కావివి. దశ మారిన ప్రతిసారీ ఎదుటివాళ్ళకు అడ్డుకార్డు వేసే హక్కుంటుంది. చెప్పకుండా దాటేస్తే ఆ హక్కు మింగేసినట్టే.

నాలుగే మాటలు, కానీ వంతు వంతుకూ చెప్పాలి. అందుకని చిన్నప్పుడే అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. వేలితో బల్ల మీద ఒకసారి తడితే తీస్తున్నట్టు, రెండుసార్లు తడితే దించుతున్నట్టు, మూడుసార్లు తడితే కొడుతున్నట్టు. అరచెయ్యి పరిస్తే వంతు ముగిసినట్టు. బాబాయ్ షాపులో ఆ లెక్క అందరికీ అలవాటైపోయింది. కిందటేడు పెద్ద పోటీకి వెళ్ళినప్పుడే కొంప మునిగింది. ఎదురు కూర్చున్న కొత్త మనిషికి ఆ తట్టడాలేమిటో అర్థం కాలేదు, తనకు చెప్పకుండా దాడి చేశాడని గొడవ పెట్టాడు. జడ్జి ఆ దాడి చెల్లదన్నాడు. తమ్ముడు తన పక్షాన ఒక్క ముక్క చెప్పుకోలేక, కార్డులు డబ్బాలో సర్దుకుని తల వంచుకుని వచ్చేశాడు.

ఇంతలో వాడు పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడబోతోందని తెలిసింది. పన్నెండేళ్ళుగా అక్కడ కాగితాలు కోసే మిషన్ దగ్గర వాడి పని. ఆ హోరులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అందుకే అన్నాళ్ళు నెగ్గుకొచ్చాడు. ఇప్పుడు బయటికి పోయి కొత్త పని అడగాలంటే ముందు నోరు తెరవాలి. రెండు చోట్లకు వెళ్ళి, పేరు చెప్పడం పూర్తికాకముందే తిరిగొచ్చేశాడు. అప్పుడు బాబాయే పిలిచాడు.

"గెలవక్కర్లేదయ్యా," అన్నాడు. "ఈసారి పోటీలో అన్ని రౌండ్లూ నీ నోటితోనే దశలు చెప్పి ఆడు. ఎంతసేపైనా పట్టనీ. మర్నాటినుంచి కౌంటర్ నీది. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆట నేర్పేది నువ్వే. నేర్పేవాడు వేళ్ళతో నేర్పితే ఎలా చెప్పు?"

అది మొదలు నాలుగు నెలలు తమ్ముడు సాధన చేశాడు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ప్రెస్సుకు వెళ్ళిన అక్క అద్దాల తలుపు ఇవతలే ఆగిపోయింది. మిషన్ దడదడలాడుతోంది. దాని పక్కన తమ్ముడు కాగితాల కట్ట సర్దుతూ, పెదాలు కదుపుతూ, ఎక్కడా ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఆ హోరులో ఆమెకు ఒక్క అక్షరం వినపడలేదు. ముప్పై రెండేళ్ళలో వాడు అలా గలగలా మాట్లాడటం ఆమె చూసింది అదే మొదటిసారి. అక్కను చూడగానే టక్కున నోరు మూసేశాడు. డబ్బా అందుకుంటూ, మిషన్ ఆపాక, చాలాసేపు పట్టి చెప్పాడు: ఎవరికీ వినపడదని తెలిస్తే మాట ఆగదక్కా, అని. ఆమె ఇంటికి వెళ్ళేదాకా ఏడుస్తూనే ఉంది.

పోటీకి పేరిచ్చే ఫారంలో "ప్రత్యేక ఏర్పాటు ఏదైనా కావాలా?" అని ఒక గడి ఉంది. నత్తి, వేళ్ళతో చెబుతాడు అని రాయబోయింది అక్క. తమ్ముడు పెన్ను లాక్కుని ఆ గడికి అడ్డంగా గీత కొట్టేశాడు. ఆదివారం ఉదయం హాలు మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్... నువ్వు... మా... మాట్లాడకు."

"నోరు కుట్టేసుకుంటాను, సరేనా? ఒట్టు!" అంది అక్క. ఆ ఒట్టు కూడా మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

హాల్లో వరసగా బల్లలు, బల్లకిద్దరు మనుషులు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తాడుకు ఇవతలే నిలబడాలి. బయటివాళ్ళెవరూ ఆటగాళ్ళకు ఒక్క ముక్క కూడా అందించకూడదని, అందిస్తే ఆ ఆటగాడు ఓడినట్టేనని మైకులో రెండుసార్లు చెప్పారు. అక్క రెండుసార్లూ తల ఊపింది.

మొదటి రౌండులో "తీస్తున్నా" అనడానికి అర నిమిషం పట్టింది. కానీ వచ్చింది. తర్వాతది వచ్చింది, ఆ తర్వాతదీ వచ్చింది. రెండో రౌండుకల్లా మాటలు కుంటుకుంటూనైనా ఒకదాని వెనక ఒకటి నడిచాయి. మూడో రౌండు గెలిచాడు కూడా. బాబాయ్ తాడు ఇవతల నుంచే బొటనవేలు చూపించాడు. అక్క మాత్రం రెండు పిడికిళ్ళూ బిగించుకుని, వాడి ప్రతి మాటనూ తన పెదాలతో పలుకుతూ, వాడికంటే ఎక్కువ అలిసిపోయింది.

నాలుగోది చివరి రౌండు. ఎదుట ఒక లెక్కల టీచరమ్మ, నడివయసావిడ, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. సంగతి వెంటనే కనిపెట్టింది. "మెల్లగా చెప్పండి, నాకేం తొందర్లేదు," అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల పక్కన నిలబడ్డ జడ్జి కూడా, ఎర్ర పట్టీ కట్టుకున్న పడుచుపిల్ల, గడియారం చూసుకుని "అదనపు సమయం ఇస్తున్నానండీ" అంది. అంటే ఆ హాల్లో వాణ్ణి తొందరపెట్టేవాళ్ళెవరూ లేరు. ఈ ముక్క అక్క తర్వాత ఎన్నిసార్లు తలచుకుందో లెక్కలేదు.

ఆట చివరికొచ్చింది. తమ్ముడి చేతిలో గెలుపు కార్డులున్నాయి. "తీస్తున్నా," అన్నాడు. "దిం... దించుతున్నా," అని రెండు కార్డులు పరిచాడు. ఇక మూడో మాట ఒక్కటే మిగిలింది.

"కొ..." అన్నాడు.

అంతే, ఆగింది. మెడ నరం ఉబ్బింది. బల్ల కింద కుడి మడమ నేలకేసి నొక్కుతున్నాడు. చూపుడు వేలు బల్ల మీద తట్టడానికి లేచింది. తట్టకుండా దాన్ని మళ్ళీ పిడికిట్లోకి ముడుచుకున్నాడు. ఆ వేలు ముడుచుకోవడం అక్క చూసింది. పక్క బల్లలవాళ్ళు ఇటు తిరిగారు. వెనకెక్కడో ఎవరో దగ్గారు, ఆమెకది నవ్వినట్టే ఉంది. చిన్నప్పుడు బడి వరండాలో వాడి చుట్టూ మూగి నవ్విన పిల్లలందరూ ఒక్కసారి కళ్ళముందు తిరిగారు. గుండె నోట్లోకి వచ్చింది. దాంతోపాటే పాతికేళ్ళ అలవాటూ వచ్చింది.

"కొడుతున్నాడండీ!" అంది.

టోకెన్లు పిలిచే గొంతు అది, హాలు హాలంతా మారుమోగింది. అన్ని బల్లల మీదా చేతులు ఆగిపోయాయి. ఎవరలా అరిచారా అని అక్క కూడా ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది.

జడ్జి పిల్ల మొహం పాలిపోయింది. "బయటినుంచి సాయం అందిందండీ. రూలు ప్రకారం ఈ ఆట..." అని ఆగి, తమ్ముడి వైపు చూడలేక కాగితం మీద ఏదో రాసుకుంది. టీచరమ్మ లేచి, నాకు అభ్యంతరం లేదు, ఆడనివ్వండి, అని రెండుసార్లు అడిగింది. కుదరదన్నారు. తమ్ముడు ఒక్కో కార్డూ డబ్బాలో పెట్టుకుని, మూత నొక్కి, ఎవరివైపూ చూడకుండా తలుపు వైపు నడిచాడు. వాడి వెనక పరుగెత్తబోతున్న అక్కను టీచరమ్మ తాడు దగ్గర ఆపింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వచ్చేసిందమ్మా," అంది చిన్నగా. "'కొడు' దాకా అనేశాడు. నేను విన్నాను. మీరు అరవడంతో ఆగిపోయాడు."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. కింద టైర్ల షాపులో ఎవరో రబ్బరు కాలుస్తున్నారు, ఆ కంపు మెట్లమీదుగా గదిలోకి వస్తోంది. అక్క ఏడ్చింది, తన చెంపలు తనే వాయించుకుంది. నా నోరు పడిపోనూ, నీ కష్టం చూడలేక అన్నానురా, నా పాడు అలవాటురా, జడ్జి కాళ్ళు పట్టుకుంటాను, బాబాయ్‌తో మాట్లాడతాను... ఆగకుండా అంటూనే ఉంది. తమ్ముడు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగింది.

"నే... నే... నేను," అన్నాడు. "చె... చె..."

ఆ "చె" దగ్గరే ఆమెకు మొత్తం తెలిసిపోయింది. మిగతా మాట నాలుక చివరకొచ్చి నిలబడింది. పళ్ళతో పెదవి కొరికి పట్టుకుంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగి రెండో చుట్టులో పడింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఆపలేదు. ఆమె ఊపిరి కూడా పీల్చకుండా ఎదురుచూసింది. తనకు ముందే తెలిసిపోయిన మాటను వాణ్ణే పూర్తిగా చెప్పనిచ్చింది పాతికేళ్ళలో ఇప్పుడే.

"చెప్పేవాణ్ణే అక్కా."

ఆ తర్వాత వాడు మాట్లాడలేదు. ఆ పూటా లేదు, సోమవారమూ లేదు. నీళ్ళు కావాలంటే బల్ల మీద ఒకసారి తట్టేవాడు. చాలంటే అరచెయ్యి పరిచేవాడు. ఆమె కనిపెట్టి నేర్పిన భాషే అది.

మంగళవారం పొద్దున బాబాయ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"పోటీ సంగతి వదిలెయ్యవయ్యా. మూడు రౌండ్లు నీ నోటితోనే చెప్పావు, ఈ చెవులతో విన్నాను. నాకది చాలు. రేపు తొమ్మిదింటికి వచ్చి షాపు తెరువు."

అక్కకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. తమ్ముడు తాళంచెవి వైపు చాలాసేపు చూశాడు. ఒక వేలితో దాన్ని మెల్లగా బాబాయ్ వైపు నెట్టి, ఖాళీ అయిన చోట అరచెయ్యి పరిచాడు.

"చెయ్యి వద్దు," అన్నాడు బాబాయ్. "ఏదైనా సరే నోటితో చెప్పు. సాయంత్రం దాకా కూర్చోమన్నా కూర్చుంటాను."

తమ్ముడు తల తిప్పి అక్క వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. మంగలి కుర్చీలోంచి, బడి గుమ్మంలోంచి, ఏడేళ్ళప్పటినుంచీ వాడు చూసే చూపే. నువ్వు చెప్పు, అని. ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా వాడలా చూడలేదు.

"నువ్వే చెప్పరా," అంది. "నేను చెప్పను. నీకు దణ్ణం పెడతాను, నువ్వే చెప్పు."

వాడు పెదవి కదపలేదు. ప్రయత్నించను కూడా లేదు. మెడ నరం కూడా కదల్లేదు. చూపు మాత్రం ఆమె మీదినుంచి తిప్పలేదు. కింద షాపులో గాలి మిషన్ మోగి ఆగింది. బాబాయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి ఆమె వైపే తిరిగాడు.

"ఏమంటున్నాడమ్మా?"

వీధి మలుపు దాకా వినపడే ఆ గొంతు కోసం బాబాయ్ కుర్చీలో ముందుకు వంగవలసి వచ్చింది.

"రానంటున్నాడండీ," అంది అక్క.