వీధిపోటు ఇంటి టూలెట్ బోర్డు

నేను ఒక టూలెట్ బోర్డును. అలా తేలిగ్గా చూడకండి. విశాఖ శివార్లలో మా ఎర్రకొండ కాలనీ మొత్తం వెతికినా నా అంత చక్కటి అక్షరాలున్న బోర్డు దొరకదు. పెయింటర్ దానయ్య నూనె డబ్బా రేకును కత్తిరించి, సాపు చేసి, పసుపురంగు పూసి, ఎర్రటి అక్షరాలకు నల్లటి షేడ్ కూడా ఇచ్చాడు. నన్ను రాయించుకున్న మాస్టారు కింద ‘చిన్న కుటుంబానికి మాత్రమే’ అని చేర్పించాడు. ఆయనింట్లో పదకొండుమంది ఉండేవారు.

మాస్టారు ఇల్లు అమ్మేసినప్పుడు గేటుతో పాటు నేనూ కోరాడ అప్పలనాయుడి చేతికి వచ్చాను. నాయుడు పక్క వీధిలో ఉంటాడు. ఇంటిని ఇడ్లీలమ్మే ఈశ్వరమ్మకు అద్దెకిచ్చి నన్ను అటకెక్కించాడు. కూతుర్ని వెంటబెట్టుకుని ఐదేళ్లలో నాలుగిళ్లు మారిన మనిషి ఆవిడ. ఇల్లు మారినప్పుడల్లా గిరాకీని మళ్లీ మొదటినుంచి సంపాదించుకోవాలి. ఇప్పుడు పిల్లది పదో తరగతి. ఇక ఇక్కణ్ణుంచి కదలకూడదని ఆవిడ పట్టుదల.

అంతలో ఆటలొచ్చిపడ్డాయి. దక్షిణాది రాష్ట్రాల క్రీడాపోటీలు మా కొండ పక్కనే జరుగుతాయని, స్టేడియం కడతారని పేపర్లో పడింది. ఇంకేముంది! గజం పన్నెండు వేలున్న నేల ఆరునెలల్లో ముప్ఫై దాటింది. జన్మలో బంతి ముట్టనివాళ్లు కూడా టీ కొట్టు దగ్గర ఆటల గురించే మాట్లాడేవారు. నాయుడు నన్ను దించి, తడిగుడ్డతో తుడిచి, ఈశ్వరమ్మ లోపల ఇడ్లీలు వేస్తుండగానే గేటుకు కట్టేశాడు. మూడింతల అద్దె ఇచ్చేవాడు దొరికితే ఆవిడ సర్దుకోవాలి. నన్ను చదవడానికి కార్లు ఆగుతుంటే గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు! కానీ వచ్చినవాళ్లకు గదులు చూపించే పని ఈశ్వరమ్మ మీదే పడింది. ఆవిడ ముఖం చూసినప్పుడు మాత్రం సిగ్గేసింది.

నాయుడికి అదీ చాలలేదు. స్టేడియం నుంచి వచ్చే కొత్త రోడ్డు మా వీధి పక్కగా పోవాల్సింది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, దాన్ని సరిగ్గా మా గేటు ఎదుటికి రప్పించాడు.

“స్టేడియం కాడ నిలబడితే నా ఇల్లే కనబడాల!” అని కాలనీ అంతా చెప్పుకున్నాడు.

రోడ్డు పడింది. ఇల్లు కనబడింది కూడా. మర్నాడు వచ్చిన బ్రోకరు స్కూటరు దిగనైనా దిగలేదు.

“ఏటి నాయుడుబావూ, రోడ్డు తిన్నగొచ్చి గేటుని పొడుస్తోంది! వీధిపోటింట్లో ఎవులు దిగుతారు?”

వీధి ఎదురుగా వచ్చి తగిలే ఇంట్లో కాపురముంటే కీడని మనవాళ్ల భయం. ఆశలో పడి నాయుడు ఆ సంగతే మరిచిపోయాడు. చుట్టూ ధరలు పెరుగుతుంటే మా ఇంటిదొక్కటే పడిపోయింది. రెండునెలలు నన్ను చదివినవాడు లేడు.

రోజూ ఎప్పుడు పొమ్మంటాడోనన్న బెంగతో విసిగిపోయి, ఈశ్వరమ్మ ఎక్కడో దూరంగా గది చూసుకుని గిన్నెలు మూటకట్టింది. నాయుడు పరుగున వచ్చాడు.

“ఉన్న నువ్వూ ఎల్లిపోతే పాడుబడ్డ ఇల్లనేస్తారు. ఉండిపోవమ్మా!”

“ఉంటాను బావూ. పాత అద్దెకే. మూడేళ్లు నన్ను కదపనని కాయితం రాయండి.”

“పోటంటే బయం లేదేటి నీకు?”

“సామాను మోసి మోసి నడుం ఇరిగిపోనాది. ఆ రోడ్డు అంతకన్నా ఏటి సేస్తాది?”

నాయుడు కాగితం రాశాడు. ఈశ్వరమ్మ నన్ను గేటు నుంచి విప్పి దానయ్య దగ్గరికి తీసుకెళ్లింది. అతను నన్ను తిరగేసి వెనకవైపు ‘ఈశ్వరమ్మ టిఫిన్లు’ అని రాశాడు. షేడ్ మాత్రం మరిచిపోలేదు.

పోటీలు మొదలయ్యాయి. ఆకలి మీద స్టేడియం నుంచి బయటపడ్డ జనానికి ఎదురుగా తిన్నటి రోడ్డు, ఆ రోడ్డు చివర నేను! పన్నెండు రోజులూ ఇడ్లీపాత్ర పొయ్యి దిగలేదు. అది చూసి ఒకాయన హోటలు పెడతానని, ఇల్లు ఎంతకైనా కొంటానని వచ్చాడు. నాయుడు మెల్లగా ఆ కాగితం ఊసెత్తాడు. ఈశ్వరమ్మ నాయుడి ముందు ప్లేటు పెట్టి, “మూడేళ్లన్నారు బావూ. సెట్నీ ఇంకొంచెం ఎయ్యనా?” అంది. నాయుడు తిని లేచి, హోటలాయన్ని పంపేశాడు.

ఆటలైపోయాయి. ఏడాది తిరిగేసరికి అద్దెలు పాత చోటుకే దిగొచ్చాయి. ఆటల కోసం అప్పుచేసి లేపిన మేడలన్నీ ఖాళీ. వీధి పొడవునా టూలెట్ బోర్డులే, అదీ కంప్యూటర్ అక్షరాలతో! ఒకరోజు పక్కింటాయన నాయుణ్ణి పట్టుకున్నాడు.

“మా మూడు పోర్షన్లూ ఖాళీయే. మీ పాత బోర్డు కట్టినప్పుడు కార్లు ఆగీవి కదా, ఓపాలి ఇప్పించవా?”

నాయుడు ఈశ్వరమ్మ వైపు చూశాడు. ఆవిడ పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నా అంచు పట్టుకుంది.

“ఇవ్వను బావూ. ఇన్నిళ్లు మారాను, ఏ గేటుకీ నా పేరు లేదు. ఇప్పుడుంది.”