రెండో పొయ్యి

“ఆ పొయ్యిని మంచం కిందికి తోసేస్తే సరిపోతుందని పొద్దుట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను” అంది పెద్దకోడలు.

“అన్నం ఇంకా ఉడకలేదక్కా. సగంలో దించి ఏం చేసుకోను?” చిన్నకోడలు మూత తీసి మెతుకు పట్టి చూసింది.

“నీ అన్నం ఉడికేలోపు మన కొంప ఉడుకుతుంది. పక్కింట్లోకి వచ్చేశాడంట ఆ పన్నుల గుమాస్తా.”

కొత్త ఇంటిపన్ను నిబంధన వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇదే రభస. ఇంట్లో ఒక పొయ్యి ఉంటే ఒక కుటుంబం. రెండుంటే రెండు కుటుంబాలు. రెండు కుటుంబాలుంటే అది వాటాల ఇల్లు కిందికి వస్తుంది, చిన్న ఇళ్ళకిచ్చే రాయితీ పోతుంది. పెద్దకొడుకు గోడలకు రంగులు వేస్తాడు. ఇన్నాళ్ళూ ఏడాదికి మూడు రోజుల కూలి పన్ను కింద పోయేది. రెండో పొయ్యి కనబడితే పన్నెండు రోజుల కూలి పోతుంది. వానాకాలమంతా అతని నిచ్చెన గోడకు చేరగిలబడే ఉంటుంది. ఆ రోజులకు కూలి ఉండదు గానీ పన్ను ఉంటుంది.

రెండు గదులు, ముందు వసారా. వసారా చివర రేకు అడ్డం పెట్టిన మూలలో చిన్నకోడలి కిరసనాయిలు పొయ్యి. భర్త పోయాక ఆమె మున్సిపాలిటీ వాళ్ళ శిశుకేంద్రంలో ఆయాగా చేరి, పిల్లలకు తినిపించి, కడిగి, జోకొట్టి ఏళ్ళు గడిపింది. ఖర్చులు తగ్గించుకోవాలని నిరుడు దాన్ని మూసేశారు. అప్పుడు ఆ మూల పొయ్యి పెట్టుకుని బస్సుల షెడ్డులో మెకానిక్కులకు క్యారేజీలు కట్టడం మొదలుపెట్టింది. ఎనిమిది క్యారేజీలు. షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టేసరికి గేటు దగ్గర ఉండాలి. తన తిండి, కూతురి చదువు వాటి మీదే.

చివరికి అన్నం గిన్నె లోపలి గదిలోకి పోయింది. పొయ్యిని మసిగుడ్డలతో పట్టుకుని ఇద్దరూ మంచం కిందికి తోశారు. ఆ మంచం మీద అత్తను పడుకోబెట్టి దుప్పటి కిందిదాకా వేలాడేశారు.

“నాకేం రోగమని చెప్పమంటారు?” అంది ముసలామె.

“ఏదో ఒకటి. ఊరికే మూలుగుతూ ఉండండి అత్తయ్యా, చాలు.”

“నిజంగా మూలిగినప్పుడు ఒక్కరూ ఇటు తిరిగి చూడలేదు. ఇవాళ అబద్ధానికి మూలగాలి కాబోలు.”

పన్నుల గుమాస్తా లోపలికి వస్తూనే మంచినీళ్ళడిగాడు. నడివయసు మనిషి. తెగిన చెప్పు పట్టీని పురికొసతో కట్టుకున్నాడు. “నలుగురం తిరిగే వీధులు ఇప్పుడు నేనొక్కణ్ణే తిరుగుతున్నానమ్మా. మాక్కూడా పొదుపే” అన్నాడు గ్లాసు తిరిగిస్తూ. రేకు చాటుకు వెళ్ళి చూశాడు. అక్కడ నీళ్ళ బిందె బోర్లించి ఉంది.

“పొయ్యిలెన్ని?”

“ఒకటే” అంది పెద్దకోడలు తడుముకోకుండా.

అతను రాయబోతున్నాడు. మంచం మీద ముసలామె అటు పొర్లింది. ఇటు పొర్లింది. మూలగడం మరిచిపోయి చివరికి దిగ్గున లేచి కూర్చుంది.

“నన్ను కాల్చాలనుంటే చచ్చేదాకానైనా ఆగండే. వీపు కమిలిపోయింది.”

గుమాస్తాకు నవ్వొచ్చింది. వంగి దుప్పటి ఎత్తి చూశాడు. లేచేటప్పటికి ఆ నవ్వు లేదు.

“రెండు అని రాయాలమ్మా.”

“మేమంతా ఒకటే బాబూ. ఇది నా తోడికోడలు. దాని పిల్లకి జడలు వేసేది నేను” అంది పెద్దకోడలు.

“తెలుస్తూనే ఉంది. కానీ నన్ను లెక్కపెట్టమన్నది పొయ్యిల్ని.” గొంతు తగ్గించాడు. “నెలాఖరుకి ఇంకోసారి వస్తాను. అప్పటికి ఒకటే ఉంటే ఇప్పుడు రాసింది కొట్టేస్తాను. నా చేతిలో ఉన్నదంతే.”

“వీధి చివర మేడలో అన్ని గదులున్నాయి కదా, వాళ్ళెన్ని కుటుంబాల కింద లెక్క?” చిన్నకోడలు అడిగింది.

“వంటిల్లు ఒకటే కదమ్మా. ఒక కుటుంబం” అన్నాడు అతను, తన చెప్పు వైపు చూసుకుంటూ.

ఆదివారం బడి హాల్లో మీటింగు పెట్టారు. కౌన్సిలరు ఓపికగా మాట్లాడాడు. పన్ను పెంచకపోతే వీధిదీపాలు తగ్గించాలన్నాడు, ఆసుపత్రిలో మందులు తగ్గించాలన్నాడు, ఏది కావాలో మీరే చెప్పండన్నాడు. ఆ వీధి మంగలి లేచాడు.

“పెద్ద ఇళ్ళ మీద గదికింత అని వెయ్యొచ్చు కదండీ?”

“వాళ్ళ మీద ఎక్కువ వేస్తే వాళ్ళు వేరే ఊరు పోతారు. వాళ్ళతో పాటు వాళ్ళ వ్యాపారాలూ పోతాయి.”

“అంటే ఎక్కడికీ పోలేనోళ్ళం కాబట్టి మా మీద వేస్తున్నారన్నమాట.”

హాలంతా నవ్వింది. కౌన్సిలరు కూడా హాయిగా నవ్వాడు. నవ్వు అయిపోయాక ఆ ప్రశ్న కూడా అయిపోయినట్టే అయింది.

చిన్నకోడలు వెనక బల్ల మీంచి లేచి నిలబడింది. “శిశుకేంద్రం మూసేశారు కదండీ. ఆ డబ్బు మిగిలింది కదా. మరి పన్ను ఎందుకు పెరిగింది?”

“మంచి ప్రశ్న వేశావమ్మా” అన్నాడు కౌన్సిలరు. పాత లోట్ల గురించీ, పై నుంచి రావలసిన నిధుల గురించీ, అందరూ తలా కాస్తా మోయడం గురించీ చాలాసేపు చెప్పాడు. ముందు వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె కూర్చుంది. జవాబు వచ్చిందో రాలేదో ఆమెకు తెలియలేదు. మళ్ళీ లేచి అడగడానికి ధైర్యం చాల్లేదు.

గుమాస్తా చెప్పకుండా వస్తాడేమోనని ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఒక పొయ్యే వెలిగించారు. చిన్నకోడలు చీకటితోనే లేచి క్యారేజీలకు వండేసేది. మధ్యాహ్నానికి అవి చల్లబడి గడ్డకట్టేవి. “రుచికి వంక పెట్టడం లేదక్కా. పళ్ళు జివ్వుమంటున్నాయి, అంతే” అన్నాడు ఒక మెకానిక్కు, మర్నాటి నుంచి మానేశాడు. సరే, ముందు ఇంటివంట కానిచ్చి తర్వాత క్యారేజీలు కడితే, గంట కొట్టాక షెడ్డు చేరింది. ఇంకొకతను మానేశాడు. అది చూసి ఒకరోజు పెద్దకోడలు ఉడుకుతున్న తన గిన్నె దించేసి, “ముందు నీది కానీ” అంది. ఆ రోజు పెద్దకొడుకు ఖాళీ అన్నం డబ్బాతో పనికి వెళ్ళాడు, నిచ్చెన మీద కళ్ళు తిరిగాయని సాయంత్రం ఎవరో చెప్పారు. తర్వాతి రోజు చిన్నకోడలు తన గిన్నె దించింది. ఒకరి మీద ఒకరికి జాలి ఉంది. పొయ్యి మీద మాత్రం ఒక్క గిన్నెకే చోటు.

అరవడాలు ఆగిపోయాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇద్దరూ “నువ్వు కానీ”, “లేదక్కా నువ్వే కానీ” అనుకుంటూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగేవారు. ముసలామెకు ఇదే ఎక్కువ భయం వేసింది.

నెలాఖరు దగ్గరపడింది. ఆ సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నారు. చిన్నకోడలు కూతురి కంచంలోకి చారు పోసి, గరిటె గిన్నెలో పెట్టి, ఎప్పటి గొంతుతోనే అంది:

“షెడ్డు వెనకాల ఒక గది చూశాను. ఒకటో తారీఖు నుంచి నేనూ పిల్లా అక్కడుంటాం. పొయ్యి గుమాస్తా వచ్చేలోపే తీసుకెళ్తాను.”

ముద్ద కలుపుతున్న పెద్దకొడుకు చెయ్యి ఆగింది. గోళ్ళ చుట్టూ ఎప్పటికీ పోని తెల్లరంగు. “నేను పొమ్మనలేదమ్మా” అన్నాడు.

“మీరెప్పుడన్నారు బావగారూ.”

“అద్దె?”

“మూడు క్యారేజీల డబ్బు.”

మిగిలినవి ఎన్నో అందరికీ తెలుసు.

“వాడెవడో రెండని రాసుకుంటే మనం రెండైపోతామా?” ముసలామె ఒకరి తర్వాత ఒకరి మొహంలోకి చూసింది. “మీరెవరూ వద్దనరేమర్రా?”

పిల్ల కంచంలోంచి తలెత్తి పెద్దమ్మ వైపు చూసింది. చిన్నకోడలు కూడా చూసింది. గోడకు ఆనించిన నిచ్చెన మీదికి, మొగుడి కంచం మీదికి, మళ్ళీ తన చేతుల మీదికి పెద్దకోడలి చూపు పోయి వచ్చింది.

“ఆ గదికి కిటికీ ఉందా?” అంది.

“చిన్నది ఉందక్కా. పొగ బయటికి పోతుంది.”