మధ్య గుంట

ఆ ల్యాబ్‌లో చచ్చిన ఎంజైమ్‌ని "గుడ్డయింది" అంటారు. వేడికి ఉడికిన కోడిగుడ్డులా తెల్లగా గడ్డకట్టేస్తుంది మరి. ఏళ్ల తరబడి అక్క చేసినవన్నీ గుడ్లే. "ఈ పాటికి కోళ్లఫారం పెట్టుకున్నా బాగుపడేదాన్ని" అనేది.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, ల్యాబ్‌లో సీనియర్. కొత్తగా చేరిన పిల్లకి పని నేర్పింది ఆవిడే, తొందరమ్మ అని పేరు పెట్టిందీ ఆవిడే. మిషన్ ఆగకముందే మూత తీసి తొంగిచూస్తుందని.

ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి ద్రావకంలోకి లాగే ఎంజైమ్ వాళ్లది. పని చకచకా చేస్తుంది గానీ ఆ ద్రావకం సలసల కాగేసరికి చేతులెత్తేస్తుంది. వేడికి ఓర్చుకునేలా దాన్ని ఇక్కడో ముక్క అక్కడో ముక్క మార్చడంతోనే అక్కకి సగం వయసు గడిచింది. ఆఖరిసారి మార్చినదాన్ని పరీక్షకి పెట్టేలోపే ఆవిడ ఆస్పత్రిలో పడింది.

"నాది ఏమైందే?" అని ఫోన్ల మీద ఫోన్లు.

తొందరమ్మ ఆ ఎంజైమ్ ట్యూబుని, వేడిచేసే మిషన్లో ట్యూబులు దిగే గుంటల్లో అంచుదాంట్లో పెట్టింది. అంచు గుంటలు సరిగ్గా కాగవు. అందుకే ల్యాబ్‌లో ఎవరూ అసలు శాంపిల్ అక్కడ పెట్టరు. తెలిసే పెట్టింది.

ఆస్పత్రి గది బయట అక్క భర్త, బావగారు, ఆపారు. "ఇక లాభం లేదన్నారమ్మా. తనకి చెప్పలేదు. నువ్వూ నోరు జారకు."

లోపలికెళ్లి నవ్వు మొహం పెట్టింది. "అక్కా, బతికింది! నీళ్లలా తేటగా ఉంది!"

అక్క మొహం వెలిగింది. కాసేపే. "ఏ గుంటలో పెట్టావ్?"

"గుంటదేముందిలే అక్కా..."

"అంచునా?"

తొందరమ్మ తల దించుకుంది.

"దొంగమొహమా." నవ్వబోయి దగ్గింది అక్క. "ఇక్కడ అందరూ నన్ను అంచునే పెడుతున్నారే. డాక్టరేమో మొహంలో కళ వచ్చిందంటాడు. మీ బావేమో వచ్చే ఏడు టూరుకెళ్దాం అంటూనే వరండాలోకి పారిపోతాడు. నువ్వైనా మధ్యలో పెట్టవే."

తొందరమ్మ వెళ్లి మధ్య గుంటలో పెట్టింది. మిషన్ దానంతటది ఆగేదాకా మూత ముట్టుకోలేదు. తీసి చూస్తే తెల్లగా, ముద్దగా ఉంది.

మర్నాడు ఆ ట్యూబుని జేబులో వేసుకెళ్లి అక్క చేతిలో పెట్టింది.

అక్క దాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు తిప్పి చూసింది. "ఎంజైమ్ గొలుసులో వదులుగా ఊగే కొస ఉందే, అక్కడ ఇంకో ముడి పడాలి. నేనే వేద్దామనుకున్నా. నువ్వు వెయ్యి."

"సరే అక్కా."

"మరి నా సంగతి?"

గుమ్మంలో బావగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తొందరమ్మ ఆయన్ని చూసింది, అక్కని చూసింది. ఈసారీ తొందరపడకుండా, అక్క చెయ్యి పట్టుకుంది.

"గుడ్డే అక్కా."

అక్క కళ్లు మూసుకుని తలూపింది. ట్యూబు గుప్పిట్లోనే ఉంది.

"ఏమండీ," అంది గుమ్మం వైపు, "వినపడిందిగా. ఇంక ఆ వరండా చాలు. వచ్చి నా పక్కన కూచోండి."

బావగారు వచ్చి కూచున్నారు. ఇన్నాళ్లూ వరండాలో ఏడ్చిన ఏడుపు, ఆవిడ భుజం మీద ఏడ్చారు.